కిల్‌పెక్ చర్చి గోడల మీద పాములు, కుందేళ్ళు ఎందుకున్నాయి?

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న కొడుకును చూడడానికి వెళ్ళిన ఒక మిత్రుడు, హెరెఫర్డ్‌షైర్ పల్లెల్లో తిరుగుతూ కిల్‌పెక్ అనే చిన్న ఊళ్ళోని చర్చిని చూసి, ఫోటోలతో సహా ఇలా అడిగారు: “చూరు కింద కుక్క, కుందేలు, పంది; ద్వారం స్తంభాల మీద పాములు; ఆకులు కక్కుతున్న ఒక ముఖం; వీటికి తోడు సిగ్గు విడిచిన ఒక స్త్రీ బొమ్మ. శిలువ కోసం వెతుక్కోవలసి వచ్చింది. నాలుగిళ్ళ ఊళ్ళో ఇంత శిల్పం ఎవరు చేయించారు? ఇది క్రైస్తవానికి ముందటి దేవతల గుడి అనీ, తరవాత చర్చిగా మార్చారనీ మాతో వచ్చినాయన చెప్పారు. నిజమేనా?”

నిజం కాదు. ఇప్పుడు మనకు కనబడుతున్న కట్టడం 1140 ప్రాంతంలో, నార్మన్ ప్రభువుల ఏలుబడిలో, మొదటి రాయి నుంచీ చర్చిగానే కట్టినది. ఆ జంతువులన్నీ ఆ కాలపు చర్చి శిల్పంలో మామూలుగా కనబడేవే. వింతైన సంగతల్లా అవి అంత చిన్న ఊళ్ళో అన్ని ఉండడం, దాదాపు 900 ఏళ్ళ తరవాత కూడా ముక్కూ చెవీ పోకుండా నిలవడం. రాతి కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు రెండో సంగతి మీదే ఎక్కువ ఆసక్తి. అయినా మీరు అడిగిన వరసలోనే వస్తాను.

ముందు స్థలం సంగతి. హెరెఫర్డ్ పట్టణానికి నైరుతి దిశలో సుమారు 9 మైళ్ళ దూరంలో, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది కిల్‌పెక్. ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళు ఆర్కెన్‌ఫీల్డ్ అన్నారు. అంతకుముందు అది ఎర్గింగ్ అనే వెల్ష్ రాజ్యం. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక కూడా ఇక్కడి జనం చాలావరకు వెల్ష్ వాళ్ళే, నడిచే ఆచారాలూ వెల్ష్ ఆచారాలే. 1086లో రాసిన డూమ్స్‌డే భూమి లెక్కల్లో ఆర్కెన్‌ఫీల్డ్ రైతులు శిస్తులో కొంత తేనె రూపంలో కట్టేవారని ఉంది. రాజు సైన్యం వేల్స్ మీదికి వెళ్ళేటప్పుడు వీళ్ళు ముందు నడవాలనీ, తిరిగి వచ్చేటప్పుడు వెనక కాపుకాయాలనీ కూడా ఉంది. ఎదురుదెబ్బ తగిలేది ముందు నడిచేవాడికే, తరుముకొచ్చే శత్రువు కత్తికి దొరికేది వెనకవాడే. సరిహద్దు ఊరి బతుకు ఎలాంటిదో ఆ ఒక్క నిబంధనలోనే తెలుస్తుంది.

ఆ లెక్కల్లోనే కిల్‌పెక్ విలియం ఫిట్జ్ నార్మన్ అనే ప్రభువు చేతిలో ఉంది. చర్చికి పడమట, కూతవేటు దూరంలో గడ్డి కప్పిన ఎత్తైన మట్టిదిబ్బ మీరు చూసే ఉంటారు. అది కొండ కాదు, మనుషులు మట్టి పోసి లేపిన కోట దిబ్బ. నార్మన్లు కొత్త ప్రాంతంలో కాలు పెట్టగానే ముందు చేసే పని అది: కందకం తవ్వి, ఆ మట్టితోనే దిబ్బ పోసి, పైన బురుజు కట్టడం. తరవాతి కాలంలో దాని మీద కట్టిన రాతి గోడల మొండి ముక్కలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. దిబ్బ, చర్చి, ఆ పక్కనే పాత ఊరి గట్లు, ఈ మూడింటినీ కలిపి చూస్తేనే చర్చి ఎవరిదో అర్థమవుతుంది. ఊళ్ళోవాళ్ళు చందాలు వేసుకుని కట్టుకున్నది కాదది, కోటలో ఉన్న ప్రభువు తన వాకిట్లో కట్టించుకున్నది.

ఆ ప్రభువు పేరు హ్యూ, విలియం కొడుకు. 1134లో అతను కిల్‌పెక్ చర్చిని గ్లాస్టర్‌లోని సెయింట్ పీటర్ మఠానికి దానం చేశాడు. మఠంవాళ్ళు దగ్గరలోనే కొద్దిమంది సన్యాసులతో ఒక చిన్న శాఖ పెట్టుకున్నారు. అది 1428 వరకూ నడిచింది. చర్చికి ఇవాళ సెయింట్ మేరీ, సెయింట్ డేవిడ్ అని ఇద్దరి పేర్లున్నాయి. డేవిడ్ వేల్స్ దేశపు పోషక సాధువు, నార్మన్లు తమ వెంట తెచ్చుకున్న సాధువు కాడు. 12వ శతాబ్దంలో సంకలనమైన, వేల్స్‌లోని లాండాఫ్ చర్చి దానపత్రాల గ్రంథంలో, అంతకు ఎన్నో వందల ఏళ్ళ కిందటి దానంగా చెప్పిన ఒక పద్దులో ఇక్కడి డేవిడ్ చర్చి ప్రస్తావన వస్తుంది. ఆ గ్రంథంలోని పాత తేదీలను చరిత్రకారులు ఉన్నవున్నట్టుగా నమ్మరు, ఎందుకంటే లాండాఫ్ బిషప్పుకూ హెరెఫర్డ్ బిషప్పుకూ ఆ ఊళ్ళు ఎవరివన్న తగాదా అప్పుడు జోరుగా సాగుతోంది. అయినా పాత వెల్ష్ చర్చి ఒకటి అక్కడ ఉండేదనడానికి డేవిడ్ పేరే గట్టి ఆనవాలు. నేవ్ (జనం నిలబడే పెద్ద గది) ఈశాన్య మూలలో మిగతా గోడకు అతకని, నార్మన్ పనికంటే పాతదిగా కనబడే రాతికట్టు కూడా కొద్దిగా ఉంది. కాబట్టి “అంతకుముందు అక్కడ ఏదో ఉండేది” అన్న మాటలో సత్యం ఉంది; ఆ ఉన్నది కూడా చర్చే.

ఇక కట్టడం. చర్చి మూడు గదుల వరస: పడమట జనం నిలబడే నేవ్, దాని తరవాత గురువులు కూర్చునే ఛాన్సెల్, తూర్పు కొసన బలిపీఠం ఉండే అర్ధవృత్తాకారపు ఆప్స్. ఆప్స్ అంటే బయటినుంచి చూసినప్పుడు మన చేజర్ల కపోతేశ్వరాలయం వెనక భాగంలా, ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగిన గోడ అనుకోండి. పోలిక ఆకారం వరకే. రెంటికీ మరే సంబంధమూ లేదు. లోపల గది నుంచి గదికి వెడల్పు తగ్గుతూ, మధ్య మధ్య కమానులతో, చూపు తనంతట తానే తూర్పుకు లాక్కుపోతుంది. నేవ్‌కూ ఛాన్సెల్‌కూ కర్ర కప్పు. ఆప్స్‌కు మాత్రమే రాతి కప్పు వేసి, దాని బద్దెల మీద వంకర టింకర గీతల నగిషీ చెక్కి, బద్దెలు కలిసే చోట నాలుగు మృగాల తలలు పెట్టారు. ఖర్చు ఎక్కడ పెట్టాలో ఆ మేస్త్రికి బాగా తెలుసు: బలిపీఠం మీద, లోపలికి వచ్చే ద్వారం మీద, జనం ఆగి చూసే ఛాన్సెల్ కమాను మీద. మిగతా గోడ మామూలు రాళ్ళ కట్టుబడే.

రాయి ఆ ప్రాంతంలో దొరికే పాత ఎర్ర ఇసుకరాయి. ఇటుక రంగుకూ వాడిన గులాబీ రంగుకూ నడుమ ఉంటుంది, వాన పడితే ముదురుతుంది. ఇసుకరాయి పేరు వినగానే “త్వరగా రాలిపోతుంది” అనుకుంటాం, చాలాచోట్ల అది నిజం కూడా. అయితే ఇసుకరాయి అంతా ఒక్కటే కాదు. రేణువులు సన్నగా, దగ్గరగా, గట్టి బంధంతో ఉన్న పొరను ఏరుకుని, గనిలో పడుకున్న తీరునే గోడలోనూ పడుకోబెడితే అది చాలా కాలం ఆగుతుంది. పొరను నిలువుగా నిలబెడితే నీళ్ళు దూరి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఇక్కడ రాయి ఎంచినవాడు ఎవరో గానీ గట్టివాడు. నేను మొదటిసారి దక్షిణ ద్వారం ముందు నిలబడినప్పుడు, ఇవి తరవాతి కాలంలో తిరిగి చెక్కినవి కాబోలని అనుమానపడి భూతద్దం తీశాను. ఉలి అంచు ఇంకా వాడిగానే ఉంది, కానీ లోతైన సందుల్లో శతాబ్దాల మట్టీ నాచూ ఉన్నాయి, అనుమానం తీరిపోయింది.

ఆ ద్వారం దగ్గర కాస్త నిదానంగా నిలబడదాం. ద్వారానికి రెండు వైపులా రెండేసి స్తంభాలు. వెలుపలి స్తంభాల మీద పొడవాటి పాములో డ్రాగన్లో కిందికీ పైకీ వరసగా పాకుతూ, ఒకదాని తోక మరొకదాని నోట్లో పెట్టుకుని ఉంటాయి. లోపలి ఎడమ స్తంభం మీద తీగల మధ్య చిక్కుకున్న ఇద్దరు యోధులు, ఒకడి పైన ఒకడు. ఇద్దరికీ వదులైన పొడుగు లాగులూ, ఒంటి మీద సన్నని గాడి గీతలతో చూపిన బట్టా. ఆ గీతల బట్టను గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది. లోపలి కుడి స్తంభం మీద ఆకుల నడుమ పక్షులు; దాని తలకట్టు మీద నోట్లోంచి తీగలు కక్కుతున్న ముఖం. ఇంగ్లీషువాళ్ళు దీన్నే గ్రీన్ మ్యాన్ అంటారు. ఎదురుగా ఎడమ తలకట్టు మీద సింహమూ డ్రాగనూ తలపడుతున్నాయి. స్తంభాల పైన కమాను వరసల్లో ఒక్కొక్క రాయికి ఒక్కొక్క ప్రాణి: ముక్కుతో అంచును కరిచి పట్టుకున్న పక్షి తలలు, గుండ్రని పతకాల్లో మృగాలు, పతకాన్నీ పతకాన్నీ కలుపుతూ రాక్షస ముఖాలు.

ఒక్కో రాయికి ఒక్కో బొమ్మ ఎందుకన్నది తెలిస్తే అర్థాల వేట సగం తగ్గుతుంది. ఈ కమాను రాళ్ళను పైకెక్కించాక చెక్కలేదు. కింద షెడ్డులో, బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటే చెక్కి, తరవాత కమాను ఆకారపు చెక్క ఆధారం మీద వరసగా పేర్చి కమాను మూశారు. ఒక శిల్పికి ఒక రాయి అప్పజెబితే, ఆ రాయిలో సరిపోయే బొమ్మను తన దగ్గరున్న నమూనాల్లోంచి తీసి చెక్కుతాడు. ఇలాంటి పనిలో ఎడమ నుంచి కుడికి చదువుకోదగ్గ కథ ఉండనవసరం లేదు. మన ఆలయాల అధిష్ఠానం మీద హంసల వరస, ఏనుగుల వరస చూసి “ఇందులో దాచిన సందేశం ఏమిటి?” అని ఎవరూ నిద్ర మానుకోరు కదా.

అయితే ద్వారం నట్టనడుమ, కమాను కింద అర్ధచంద్రాకారపు ఫలకం మీద ఉన్నది మాత్రం కచ్చితంగా ఆలోచించి పెట్టినదే. అక్కడ క్రీస్తు బొమ్మ లేదు, శిలువ లేదు. గుత్తులతో విచ్చుకున్న ఒక తీగ మాత్రం ఉంది. దీన్ని జీవవృక్షం అంటారు. మీతో వచ్చినాయన దీన్నే చెట్టు పూజకు సాక్ష్యంగా చూపించి ఉంటారు. యోహాను సువార్త 15వ అధ్యాయం మొదటి వాక్యం “నేను నిజమైన ద్రాక్షావల్లిని” అన్నది. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో పిల్లలకు కూడా నోటికి వచ్చే మాట. ప్రసాదంగా ద్రాక్షారసం ఇచ్చే చోటికి దారితీసే గుమ్మం మీద ద్రాక్షతీగ చెక్కడంకంటే సూటైన బొమ్మ మరొకటి ఉండదు. దాని చుట్టూ, బయట, పాములూ డ్రాగన్లూ పోట్లాటలూ. నడుమ కాయలు కాసిన తీగ. లోకపు అలజడిని గుమ్మం బయట వదిలి లోపలికి రమ్మన్నట్టుగా ఆ అమరికను నేను చదువుకుంటాను. ఇది నా ఊహ. వేరుగా చదివేవాళ్ళూ ఉన్నారు. పాము కుబుసం విడవడాన్ని పునర్జన్మకు గుర్తుగా తీసుకున్నవారు ఉన్నారు.

శిలువ కోసం వెతుక్కున్నామన్నారు. మీరు లోపలికి వెళ్ళి ఛాన్సెల్ కమాను చూసి ఉంటే ఆ మాట అనేవారు కాదేమో. అక్కడ రెండు వైపులా స్తంభాల మీద ముగ్గురేసి, ఒకరి తల మీద ఒకరు నిలబడినట్టుగా, సాధువుల బొమ్మలున్నాయి. చేతుల్లో గ్రంథాలు, శిలువ. ఒకరి చేతిలో తాళంచెవి, ఆయన అపొస్తలుడైన పేతురు. బయటి ద్వారంలా ఎగిరెగిరిపడే పని కాదిది. పొడవాటి, కదలని, గంభీరమైన మనుషులు. బయట జంతువులు చెక్కిన ముఠాయే లోపల వీళ్ళనూ చెక్కింది. స్తంభం మీద ఇలా మనుషులను ఒకరి మీద ఒకరిని నిలిపే పద్ధతి ఇంగ్లండ్‌లో చాలా అరుదు. స్పెయిన్‌లోని శాంటియాగో ద కొంపొస్తెలా మహాదేవాలయం దక్షిణ ద్వారంలో ఉంది. ఇక్కడే అసలు కథ తెరుచుకుంటుంది.

కిల్‌పెక్‌కు ఉత్తరాన షాబ్డన్ అనే మరో ఊరుంది. ఆ ప్రాంతపు ప్రభువు, విగ్‌మోర్ కోట యజమాని హ్యూ మార్టిమర్. ఆయన దగ్గర దివానుగా ఉన్న ఆలివర్ ద మెర్లిమండ్ షాబ్డన్‌లో ఒక చర్చి కట్టించాడు. విగ్‌మోర్ మఠం చరిత్రలో ఈ ముచ్చట రాసిపెట్టి ఉంది: చర్చి కట్టించే రోజుల్లోనే ఆలివర్ శాంటియాగోకు తీర్థయాత్ర వెళ్ళాడు, తిరిగి వచ్చి పని పూర్తి చేయించాడు, హెరెఫర్డ్ బిషప్పు రాబర్ట్ దాన్ని ప్రతిష్ఠించాడు. రాబర్ట్ బిషప్పుగా ఉన్నది 1131 నుంచి 1148 వరకు కాబట్టి ఆ పని ఏ కాలానిదో దాదాపుగా తేలిపోతుంది. శాంటియాగో వెళ్ళే దారి పశ్చిమ ఫ్రాన్స్ మీదుగా పోతుంది. అక్కడి చర్చిల కమానుల్లో ఒక్కో రాయికి ఒక్కో బొమ్మను కిరణాల్లా పేర్చే అలవాటు, చూరు కింద కోతిచేష్టల బొమ్మలు పెట్టే అలవాటు పుష్కలంగా ఉన్నాయి. ఆలివర్ శిల్పిని వెంట తీసుకెళ్ళాడా, అక్కడినుంచి తెచ్చుకున్నాడా, చూసినవాటి గీతలు పట్టుకొచ్చాడా అన్నదాని మీద పండితుల్లో వాదం ఉంది. షాబ్డన్‌లో పనిచేసిన చేతులే కిల్‌పెక్‌లోనూ పనిచేశాయన్న దాని మీద మాత్రం పెద్దగా వాదం లేదు. ఇందాక చెప్పిన గాడి గీతల బట్ట, తీగల్లో చిక్కుకున్న మనుషులు, పతకాల మధ్య రాక్షస ముఖాలు, అన్నీ రెండుచోట్లా ఉన్నాయి.

ఈ ముఠాకు “హెరెఫర్డ్‌షైర్ శైలి శిల్పులు” అన్న గుర్తింపు స్థిరపడడానికి ముఖ్య కారకుడు కళాచరిత్రకారుడు జార్జ్ జార్నెకీ. పోలిష్ కుటుంబంలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్ చేరి, అక్కడే స్థిరపడి, ఆ దేశపు పల్లె చర్చిల శిల్పాన్ని ఆ దేశస్థులకే చూపించిన మనిషి. ఈర్డిస్లీలోనూ కాసిల్ ఫ్రోమ్‌లోనూ ఉన్న బాప్తిస్మపు తొట్లు, బ్రిన్సప్‌లో గుర్రం మీది సెయింట్ జార్జ్, స్ట్రెటన్ షుగస్‌లో సింహం నోరు చీలుస్తున్న సమ్సోను, ఇవన్నీ ఒక జిల్లాలో, కొద్ది దశాబ్దాల్లో, ఒకే పని పద్ధతిలో పెరిగిన శిల్పులవి. కిల్‌పెక్‌కు దగ్గరలోనే రౌల్‌స్టన్ ఉంది. అక్కడ ఛాన్సెల్ కమాను దగ్గర ఒక రాతి మీది బొమ్మలు తలకిందులుగా ఉన్నాయి. పేతురును తలకిందులుగా శిలువ వేశారన్న సంప్రదాయానికి గుర్తుగా అలా పెట్టారని ఒక వివరణ, చర్చి పేరు కూడా సెయింట్ పీటరే, అంటే పేతురే. మేస్త్రీలతో పనిచేసిన అనుభవం వల్ల నాకు ఇంకో అనుమానం కూడా కలుగుతుంది, కానీ బయటికి అంటే నవ్వుతారు.

ఈ శిల్పుల చేతికి పని దొరికిన కాలం కూడా గమనించదగ్గదే. 1135లో మొదటి హెన్రీ రాజు చనిపోయాక, అతని మేనల్లుడు స్టీఫెన్‌కూ కూతురు మటిల్డాకూ సింహాసనం కోసం యుద్ధం మొదలై, 1153 దాకా సాగింది. రాజు చెయ్యి బలహీనపడిన ఆ ఏళ్ళలో సరిహద్దు ప్రభువులు ఎవరికి వారే రాజులు. పక్కవాడు షాబ్డన్‌లో కట్టించాడంటే తన ఊళ్ళో అంతకంటే మిన్నగా ఉండాలని కిల్‌పెక్ ప్రభువు హ్యూ అనుకుని ఉంటాడనుకోవడం తప్పు కాదు. నాలుగిళ్ళ ఊళ్ళో ఇంత శిల్పం ఎందుకంటే, దాన్ని కట్టించినవాడి దృష్టిలో అది నాలుగిళ్ళ ఊరు కాదు, తన రాజధాని.

ఇప్పుడు చూరు కిందికి వద్దాం. నార్మన్ చర్చికి ఆ రోజుల్లో వాననీటి గొట్టాలు లేవు. కప్పు మీది నీరు గోడ మీద జారకుండా చూరు కాస్త బయటికి రావాలి. ఆ బయటికి వచ్చిన రాతి వరసను మోయడానికి గోడలోంచి పొడుచుకొచ్చే రాతి మొట్టెలే కార్బెల్స్. అంటే ఇవి ముందు పనిముట్లు, ఆ తరవాతే బొమ్మలు. మొదట 91 ఉండేవని లెక్క, వాటిలో 85 మిగిలాయి. అంత వరస ఒక్కచోట మిగిలిన చర్చిలు చాలా తక్కువ.

వాటిలో కుక్కా కుందేలూ ఉన్న మొట్టె దగ్గర అందరూ నవ్వుతారు. వేలాడే చెవుల కుక్క, నిక్కిన చెవుల కుందేలు, వేటాడేదీ పరుగెత్తేదీ కావలసినవి, పెళ్ళి ఫోటోకి నిలబడిన జంటలా భుజం భుజం ఆనించుకుని మన వంక చూస్తుంటాయి. కళ్ళు గుండ్రంగా, పెద్దగా, చుట్టూ గాడితో ఉంటాయి. కింద పన్నెండు అడుగుల దూరంలో నిలబడినవాడికి కనబడాలంటే అలాగే చెక్కాలి. ఇంకొక మొట్టె మీద తంత్రీవాద్యం వాయించేవాడు, మరొకదాని మీద పట్టుపట్టిన మల్లులు, పంది, పొట్టేలు. శిలువ మోస్తున్న గొర్రెపిల్ల కూడా ఉంది. యోహాను చెప్పిన “దేవుని గొర్రెపిల్ల” అన్నమాట, కాకపోతే చూడడానికి గుర్రంలా ఉంటుంది. మీరు వెతుక్కున్న శిలువ అక్కడ కూడా ఒకటి ఉంది.

మీరు మొహమాటపడుతూ అడిగిన స్త్రీ బొమ్మను షీలా నా గిగ్ అంటారు. పెద్ద బోడి తల, చిన్న ఒళ్ళు, రెండు చేతులతో మర్మాంగాన్ని తెరిచి చూపించే భంగిమ. పేరు ఐర్లండ్ నుంచి వచ్చింది, 19వ శతాబ్దంలో పండితుల వాడుకలోకి వచ్చిన మాట; 12వ శతాబ్దపు శిల్పి ఆమెను ఏమని పిలిచాడో ఎవరికీ తెలియదు. ఆమె ప్రాచీన మాతృదేవత అన్న ప్రచారం ఈ బొమ్మ చుట్టూనే ఎక్కువగా అల్లుకుంది. నాకు ఆ వాదం నిలబడుతుందని అనిపించదు. ఇలా ఒళ్ళు చూపించే స్త్రీ పురుషుల బొమ్మలు ఫ్రాన్స్, స్పెయిన్ చర్చిల చూరుల కింద, సరిగ్గా తీర్థయాత్ర దారుల వెంబడి, ఎన్నో ఉన్నాయి. కుక్కా కుందేలూ వచ్చిన దారినే ఈమె కూడా వచ్చింది. కామం గురించిన హెచ్చరిక అని కొందరు, దిష్టి తగలకుండా పెట్టిందని కొందరు అంటారు. గుడి గోపురం మీద మిథున శిల్పాలెందుకని అడిగితే మనవాళ్ళు చెప్పే జవాబులు కూడా అచ్చం ఈ రెండే, పిడుగు పడకుండా అన్నది అదనం. నాకు దిష్టి వాదమే కొంచెం దగ్గరగా తోస్తుంది, కానీ దానికోసం నేను పోట్లాడను.

పడమటి గోడ మూలల దగ్గరా నడుమా గోడలోంచి బయటికి చాచిన డ్రాగన్ తలల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నేనే పొరబడ్డాను. తెరిచిన నోరు చూసి, మన ఆలయాల్లో అభిషేక జలం బయటికి వచ్చే మకర ప్రణాళంలా ఇవి నీటి తూములనుకున్నాను. రెండోసారి వెళ్ళినప్పుడు మెడ నొప్పిపుట్టేలా చూస్తే, నోటినిండా చుట్టుకున్న నాలుకే తప్ప నీరు పోయే కాలువ లేదు. నార్వేలోని కర్ర చర్చిల కప్పు కొసల్లో ఇలాంటి తలలుంటాయి కాబట్టి దీన్ని వైకింగ్ ప్రభావమంటారు. ఆ మాట సగం నిజం: స్కాండినేవియా అల్లిక నగిషీ అప్పటికి వందేళ్ళ కిందటే ఇంగ్లండ్ శిల్పుల చేతుల్లోకి వచ్చేసింది. కిల్‌పెక్ శిల్పికి అది పరాయి మతం కాదు, తాతల నాటి నగిషీ. అదే పడమటి గోడ మీది కిటికీ పక్క స్తంభాల అల్లిక చూస్తే ఆ నగిషీలో వాళ్ళకెంత చెయ్యి తిరిగిందో తెలుస్తుంది.

ఇంతటి పని ఇన్నాళ్ళు ఎలా ఆగిందన్నదానికి షాబ్డన్ చరిత్రే జవాబు. షాబ్డన్‌కు 18వ శతాబ్దంలో డబ్బున్న యజమానులు దొరికారు. 1750ల్లో పాత చర్చిని కూలగొట్టించి, అప్పటి మోజుకు తగ్గట్టు కొత్తది కట్టించారు. పాత శిల్పాన్ని పూర్తిగా పారెయ్యలేదు పాపం. ఛాన్సెల్ కమానునూ ద్వారాలనూ తీసుకెళ్ళి, తోటలో చూడముచ్చటగా ఉంటుందని దగ్గరి గుట్ట మీద నిలబెట్టారు. పైన కప్పు లేదు, చూరు లేదు. వానా మంచూ రెండున్నర శతాబ్దాలకు పైగా నాకేశాయి. ఇవాళ అక్కడ మనిషి ఉన్నాడన్న సంగతి తెలుస్తుంది గానీ ముఖం తెలియదు. ఆ మధ్యకాలంలో కిల్‌పెక్‌లో కూలగొట్టి కట్టేంత డబ్బున్నవాడు ఎవడూ లేడు. పైగా దక్షిణ ద్వారానికి ముందు ఒక కర్ర పంచ ఉండేది; అందాన్ని దాచిందే గానీ వానను ఆపింది. శిల్పం కనబడాలని 1868లో ఆ పంచ తీసేశారు. ఆ నిర్ణయాన్ని నేను మెచ్చుకోలేను. 1962లో కమాను పైన నీరు పడకుండా కొత్త రాతి అంచు కట్టవలసి వచ్చిందంటే, తొంభై ఏళ్ళకు గానీ ఆ పంచ విలువ తెలియలేదన్నమాట. ఆ కొత్త అంచు మీ ఫోటోలో స్పష్టంగా కనబడుతోంది. ఆ ద్వారంలో అది మాత్రమే 12వ శతాబ్దపుది కాదు.

19వ శతాబ్దంలో మరమ్మతులు జరిగాయి కదా, అప్పుడు కొత్తగా చెక్కించారేమో అన్న అనుమానం మీకు రావచ్చు. జార్జ్ రాబర్ట్ లూయిస్ అనే చిత్రకారుడు ఈ చర్చి శిల్పాల గీతలను 1842లో ప్రచురించాడు. కాటింగ్‌హామ్ అనే వాస్తుశిల్పి పేరుతో జరిగిన మరమ్మతు ఆ దశాబ్దం చివర్లోది. మరమ్మతుకు ముందటి గీతలను ఇవాల్టి రాళ్ళ పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ద్వారమూ చూరూ అవే రాళ్ళు, అవే చోట్లు. పడమటి గోడ పైన గంట వేలాడే చిన్న కట్టడం మాత్రం 19వ శతాబ్దపు చేర్పు.

మీరు మళ్ళీ వెళ్తానన్నారు కాబట్టి రెండు మాటలు. ఒక మంచి దుర్భిణి పట్టుకెళ్ళండి, చూరు కింది బొమ్మలు కంటికి అందేంత దగ్గరగా లేవు. ద్వారం పడేది దక్షిణం వైపు, కాబట్టి నడినెత్తిన ఎండ ఉన్నప్పుడుకంటే పొద్దు వాలాక స్తంభాల లోతు తెలుస్తుంది. లోపల ముదురు రంగు గచ్చురాతి బాప్తిస్మపు తొట్టినీ, పొట్టను రెండు చేతులతో పట్టుకున్నట్టు చెక్కిన పవిత్ర జలపు గిన్నెనూ పోయినసారి మీరు ఫోటో తీసినట్టు లేదు. అది ఇప్పటికీ ఆరాధన జరిగే చర్చి, ఆదివారం ఉదయం అయితే ప్రార్థన వేళ ముందుగా కనుక్కుని వెళ్ళండి. అదే రోజు కారులో గంట దూరం పోగలిగితే షాబ్డన్ కమానులు కూడా చూడండి. వెలుతురు బాగా ఏటవాలుగా ఉన్న సాయంత్రం వేళకు చేరుకుంటే, అరిగిపోయిన ఆ రాళ్ళలో మిగిలిన గాడి గీతలను కిల్‌పెక్ యోధుల బట్టతో పోల్చుకోవచ్చు.